జోహ్రా సెహగల్: ‘బామ్మ’ వేషానికి ముందు

2014 జూలై 10న జోహ్రా సెహగల్ ఢిల్లీలో చనిపోయినప్పుడు ఆమెకు నూట రెండేళ్లు. ఆ వారం పత్రికల్లో వచ్చిన నివాళుల్లో చాలా భాగం ఆమెను హిందీ సినిమా బామ్మగా తలుచుకున్నాయి. ఆమె నవ్వు గురించీ, కొంటె మాటల గురించీ, ఆ వయసులో కూడా తరగని హుషారు గురించీ రాశాయి. పెద్ద తారల పక్కన వేసిన ముసలి వేషాల పట్టిక యిచ్చాయి. ఆ వేషాలు చాలా వరకు ఆమె ఎనభై యేళ్లు దాటాక వేసినవి. అంతకు ముందు ఆమె ఆటలోనూ నటనలోనూ గడిపిన కాలం, 1935 నుంచి లెక్కపెడితే అర్ధశతాబ్దం పైమాట, రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోయింది.

బామ్మ అనే ఆ మాటతోనే నాకు పేచీ. గౌరవంగా అన్న మాటే కావచ్చు. కాని ఒక నటిని బామ్మ అన్న తర్వాత ఆమె చేసిందంతా స్వభావంగా కనిపిస్తుంది తప్ప పనిగా కనిపించదు. ముసలావిడ సరదా మనిషి, కెమెరా ముందు కూడా సరదాగా వుంది, అంతే అనిపిస్తుంది. శిక్షణ, జీతం, కంపెనీ, వూరూరా తిరుగుళ్లు, చెదిరిపోయిన ఒక ఉద్యమం, పరాయి దేశంలో చిల్లర ఉద్యోగాలు – యివన్నీ ఆ మాట కింద పూడిపోతాయి. మన రంగస్థల చరిత్రలు తిరగెయ్యండి. నాటక రచయిత గురించి వుంటుంది, ప్రయోక్త గురించి వుంటుంది, నాయక పాత్రధారి రాగాలాపన గురించి పేజీలకు పేజీలు వుంటాయి. నలభై యేళ్లు సహాయపాత్రలు వేసిన స్త్రీ దగ్గరకొచ్చేసరికి విమర్శకుడి చేతిలో కొలబద్ద లేదు. అందుకే జోహ్రా సెహగల్‌ను వుదాహరణగా తీసుకుని కొంత వివరంగా మాట్లాడదలచుకున్నాను.

నాటక సమాజాల్లోనూ సినిమాల్లోనూ ‘క్యారెక్టర్ వేషాలు’ అనే మాట వాడుకలో వుంది. ఆలోచిస్తే విచిత్రమైన మాట. నాయికకు క్యారెక్టర్ లేదనా? ఒక రకంగా అంతే. నాయికకు అందముంటే చాలుననుకునే వ్యాపార సూత్రం మనిషిని మనిషిగా గుర్తుపట్టించే లక్షణాలన్నిటినీ – వయసు, వృత్తి, యాస, వెటకారం, లోభం, చాదస్తం – పక్క వేషాలకు వదిలేసింది. తెలుగు ప్రేక్షకుడికి యీ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సినిమా కథ మరిచిపోయినా సూర్యకాంతం చెయ్యి తిప్పిన తీరు మరిచిపోడు. ఛాయాదేవినీ, నాటకాల నుంచి వచ్చిన నిర్మలమ్మనూ పేరుపెట్టి గుర్తుచేసుకుంటాడు. పోస్టరు మీద మాత్రం వాళ్ల బొమ్మ వుండదు. జీవితం యెక్కువ వున్న పాత్రకు చోటు తక్కువ, జీతమూ తక్కువ. ఈ వైరుధ్యాన్ని పట్టించుకోకుండా సహాయనటుల కళ గురించి మాట్లాడితే అది పొగడ్త అవుతుంది గాని విమర్శ కాదు.

జోహ్రా 1912 ఏప్రిల్ 27న సహరన్‌పూర్‌లో పుట్టింది. రాంపూర్‌కు చెందిన రోహిల్లా పఠాన్ కుటుంబం. సాహిబ్‌జాదీ జోహ్రా బేగం ముంతాజుల్లా ఖాన్ అని పూర్తి పేరు. యేడుగురు పిల్లల్లో మూడోది. పసితనంలోనే గ్లాకోమా వచ్చి ఎడమకన్ను దెబ్బతింది. తల్లి చిన్నతనంలోనే పోయింది. లాహోరులో పర్దా పాటించే క్వీన్ మేరీ కళాశాలలో చదువుకుంది. చదువయ్యాక పెళ్లి చేసుకోవలసిన పిల్ల, మేనమామతో కలిసి లాహోరు నుంచి కారులో బయలుదేరి, ఇరాన్, పాలస్తీనా, సిరియా దాటి, ఈజిప్టులో ఓడ యెక్కి యూరప్ చేరింది. 1930 ప్రాంతపు మాట యిది. దీన్ని సాహసగాథగా చెప్పుకోవడం అలవాటు. సాహసమే. అయితే పర్దా గడప దాటడానికి ఆమెకు ధైర్యంతోపాటు కారున్న మేనమామ కూడా వున్నాడు. అదే కాలంలో మన వూళ్లలో కళావంతుల యిళ్ల ఆడపిల్లలు ఆడినందుకే అపవాదు మోశారు. రాంపూర్ పిల్ల ఆడటానికి ఐరోపా వెళ్లింది. ఈ తేడాను మరుగుపరచి ఆమెను స్త్రీ స్వేచ్ఛకు మొత్తంగా ప్రతీక చెయ్యడం సరికాదు. ఆ సౌకర్యాన్ని ఆమె దేనికి వాడుకుందన్నది అసలు ప్రశ్న.

నటన నేర్చుకోవాలని వెళ్లిన జోహ్రా జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో మేరీ విగ్‌మన్ నాట్యపాఠశాలలో చేరి మూడేళ్లు చదివింది. అక్కడ చదివిన మొదటి భారతీయురాలు ఆమేనంటారు. విగ్‌మన్ నాట్యం అంతకుముందు ఐరోపా దర్బారుల్లో పెరిగిన బాలే మీద తిరుగుబాటు. వట్టికాళ్లతో ఆడతారు. ముచ్చటగొలిపే భంగిమలకు అక్కడ విలువ లేదు. కొన్నిసార్లు సంగీతం కూడా వుండదు. శరీరం బరువు నేలమీద పడాలి, వూపిరిలోంచి కదలిక రావాలి. అందగత్తెను కాననుకున్న అమ్మాయికి అందంతో నిమిత్తం లేని నాట్యం దొరికిందన్నమాట. తర్వాత డెబ్భై యేళ్ల పాటు ఆమె నటనలో కనిపించిన ఒక గుణానికి మూలం అక్కడే వుందని నా అభిప్రాయం. ముసలితనాన్ని నటించే వాళ్లు సాధారణంగా నడుం వంచుతారు, గొంతు వణికిస్తారు. జోహ్రా తొంభై యేళ్లు దాటాక కూడా తెరమీద వెన్ను నిలబెట్టే కూర్చుంది. మాటకు ముందు వూపిరి తీసుకోవడం కనబడుతుంది. ఆ వూపిరే నవ్వు తెప్పిస్తుంది, మాట తర్వాత వస్తుంది.

ఐరోపాలోనే ఆమె ఉదయశంకర్ ప్రదర్శన చూసింది. 1935 ఆగస్టులో ఆయన బృందంలో చేరి, ఫ్రెంచి నర్తకి సిమ్కీతోపాటు ప్రధాన నర్తకిగా జపాన్, ఈజిప్టు, ఐరోపా, అమెరికా తిరిగింది. ఉదయశంకర్ కళ గురించి మనవాళ్లలో రెండభిప్రాయాలున్నాయి. పాశ్చాత్యులు కోరుకున్న ప్రాచ్య స్వప్నాన్ని వాళ్లకు అమ్మాడని కొందరి విమర్శ. అందులో నిజం లేకపోలేదు. కాని అల్మోరాలో ఆయన నెలకొల్పిన సాంస్కృతిక కేంద్రంలో కథాకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్లై, మణిపురికి అమోబీ సింగ్, సంగీతానికి అల్లాఉద్దీన్ ఖాన్ ఒకే కప్పు కింద పాఠం చెప్పారు. యంత్రాన్నీ శ్రమనూ వస్తువుగా తీసుకున్న నృత్యరూపకం కూడా ఆ కొండల మీదే తయారయింది. అక్కడ జోహ్రా ఉపాధ్యాయిని. ఉదయశంకర్ పద్ధతిని అయిదేళ్ల పాఠ్యక్రమంగా కూర్చింది ఆమే. ఆయన శరీరంలో వున్న విద్యను ఇంకొకరికి నేర్పగలిగే పాఠంగా విడగొట్టడం యెంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు. ఆ పనికి పోస్టరు లేదు, చప్పట్లు లేవు. ఆ కేంద్రంలో చదువుకున్న కుర్రాళ్లలో గురుదత్ ఒకడు. తర్వాత 1951లో గురుదత్ దర్శకుడిగా తన మొదటి చిత్రం ‘బాజీ’ తీసినప్పుడు నృత్యదర్శకత్వం జోహ్రాది.

అల్మోరాలోనే ఆమె కామేశ్వర్ సెహగల్‌ను చూసింది. శాస్త్రం చదువుకున్న చిత్రకారుడు, నర్తకుడు, ఆమెకన్నా యెనిమిదేళ్లు చిన్నవాడు, హిందువు. 1942 ఆగస్టు 14న పెళ్లి. విందుకు రావలసిన నెహ్రూ క్విట్ ఇండియా అరెస్టుల్లో జైలుకు పోయాడు. దంపతులు లాహోరులో నృత్యపాఠశాల పెట్టారు. హిందూ ముస్లిం దంపతులకు ఆ నగరంలో గాలి ఆడని రోజులొచ్చేసరికి పసిబిడ్డతో బొంబాయి చేరారు.

అసలు కథ యిక్కడ మొదలవుతుంది. 1945లో ఆమె నెలకు నాలుగువందల రూపాయల జీతం మీద పృథ్వీ థియేటర్స్‌లో చేరింది. పధ్నాలుగేళ్లు అందులోనే వుంది. చెల్లెలు ఉజ్రా అప్పటికే ఆ కంపెనీలో నాయిక. అక్క నృత్యదర్శకురాలు, పక్కవేషాల నటి. అప్పటికే ప్రపంచం తిరిగి ప్రధాన నర్తకిగా పేరుపడిన స్త్రీ, ముప్పై మూడేళ్ల వయసులో, చెల్లెలి వెనక వరసలో నిలబడటానికి ఒప్పుకుంది. ఒప్పుకుంది గాని బాధ పడలేదని నేననను. ఆత్మకథలో ఆమె తన అసూయల గురించి దాపరికం లేకుండా రాసింది. మన ఆత్మకథల్లో అంత నిజాయితీ తక్కువ.

పృథ్వీ థియేటర్స్ యెలాంటి సంస్థ? 1944లో పృథ్వీరాజ్ కపూర్ సినిమాల్లో సంపాదించిన డబ్బుతో ప్రారంభించిన వృత్తి నాటక కంపెనీ. బొంబాయి రాయల్ ఒపేరా హౌస్‌లో ఆడేవాళ్లు, తర్వాత దేశమంతా తిరిగేవాళ్లు. పదహారేళ్లలో రెండువేల ఆరువందలకు పైగా ప్రదర్శనలు యిచ్చారు. ప్రయాణాలు మూడో తరగతి పెట్టెల్లో. నాటకం అయిపోగానే పృథ్వీరాజ్ హాలు గుమ్మం దగ్గర జోలె పట్టుకుని తలవంచుకు నిలబడేవాడు. ఆ చందాలు కరువు బాధితులకూ శరణార్థులకూ పోయేవి. ‘దీవార్’ నాటకంలో బయటివాళ్ల మాట విని అన్నదమ్ములు యింటి మధ్య గోడ కడతారు. 1945లో, అంటే దేశం ముక్కలు కావడానికి రెండేళ్ల ముందు, అది రంగస్థలం మీదికొచ్చింది. ‘పఠాన్’లో ఒక ముస్లిం తన హిందూ స్నేహితుడి కొడుకును కాపాడటానికి సొంతకొడుకును బలి యిస్తాడు. 1947లో ఆ నాటకం ఆడటానికి నటులకు గుండె ధైర్యం కావాలి. చూడటానికి ప్రేక్షకులకూ కావాలి. ‘గద్దార్’, ‘ఆహుతి’ కూడా దేశవిభజన గాయంలోంచి వచ్చినవే.

వీటిని ఆకాశానికెత్తాల్సిన అవసరం నాకు లేదు. సంభాషణల్లో ఉపన్యాసం యెక్కువ. ‘పఠాన్’లోని త్యాగం రెండు ఫ్యూడల్ కుటుంబాల పరువు చుట్టూ తిరుగుతుంది. ‘ఆహుతి’లో అత్యాచారానికి గురైన స్త్రీని సమాజం చేర్చుకోకపోతే ఆమె ప్రాణం తీసుకుంటుంది. సమాజాన్ని నిలదియ్యడానికి ఆడదాని శవం కావలసి రావడం ఆనాటి నాటకాల పెద్ద బలహీనత, మన తెలుగు నాటకాలకూ యిది వర్తిస్తుంది. అన్నిటికీ మించి అది ఒక మహానటుడి చుట్టూ అల్లిన కంపెనీ. ప్రతి ఆటలోనూ ఆయనే వున్నాడు. ఆయన ఆరోగ్యం చెడగానే 1960లో కంపెనీ మూతపడింది.

కాని ఆ కంపెనీ స్త్రీలకు నెలజీతం యిచ్చింది. దీని ప్రాముఖ్యం నాటక చరిత్ర తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. మన తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారి స్త్రీపాత్రలు రాజ్యమేలిన కాలాన్ని గుర్తు తెచ్చుకోండి. 1885లో మొదలైన సురభి వారి కుటుంబ నాటక సమాజాన్ని మినహాయిస్తే, గౌరవ కుటుంబాల స్త్రీ రంగస్థలమెక్కడం అంటే యింటికి దూరం కావడమే. పృథ్వీలో పెద్దింటి అక్కచెల్లెళ్లిద్దరు జీతానికి పనిచేశారు. రోజూ రిహార్సలు, రోజూ కసరత్తు, ఆడినా ఆడకపోయినా నెలాఖరున జీతం. వేషం పెద్దదా చిన్నదా అన్నది రోజువారీ క్రమశిక్షణను మార్చలేదు. జోహ్రా నటి అయింది యిక్కడే. నర్తకికి శరీరం వచ్చు. వాక్యం నోట పెట్టుకుని వందల రాత్రులు అదే వాక్యాన్ని కొత్తగా పలకడం కంపెనీ నాటకమే నేర్పుతుంది.

అదే కాలంలో ఆమె ఇప్టాలో పనిచేసింది. ఇప్టా తరఫున కె.ఎ. అబ్బాస్ 1946లో తీసిన ‘ధర్తీ కే లాల్’లోనూ, అదే యేడు చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’లోనూ నటించింది. బెంగాల్ కరువు మొదటిదానికి వస్తువు. రెండోది కేన్స్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పంచుకుంది. రెండు చిత్రాల్లోనూ జోహ్రా ప్రధాన పాత్ర కాదు. ‘నీచా నగర్’ చూసినప్పుడు నాకు తోచిందేమిటంటే, తక్కినవాళ్లు దృశ్యంలో ఆదర్శాన్ని పలుకుతుంటే ఆమె యింట్లో వున్న మనిషిలా వుంటుంది. ప్రగతిశీల కళలో యీ గుణం అరుదు. మన పాత్రలు చాలాసార్లు సిద్ధాంతం చెప్పడానికి లేచి నిలబడతాయి. కూర్చున్నప్పుడు యేం చేస్తాయో మనకు తెలియదు.

ఇక్కడ ఆంధ్రదేశం సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1943లో యేర్పడ్డ ప్రజానాట్యమండలి మనకు ఇప్టా శాఖ. డాక్టర్ గరికపాటి రాజారావు గారి గురించీ, ‘మా భూమి’ నాటకం గురించీ తగినంత రాశాం. ఆ మండలిలో మోటూరి ఉదయం గారూ, కొండపల్లి కోటేశ్వరమ్మ గారూ బుర్రకథ చెప్పారు. స్త్రీలు తంబురా పట్టి వేదికమీద అడుగువెయ్యడమే అప్పట్లో ఒక సాంఘిక సంఘటన. ఉద్యమం చీలిపోయి, కుటుంబం చెదిరిపోయి, కోటేశ్వరమ్మ గారు కాకినాడలో విద్యార్థినుల హాస్టలు మేట్రన్‌గా బతికారు. 2012లో ‘నిర్జన వారధి’ వచ్చేదాకా ఆమె నటి, గాయని అన్న సంగతి కొత్త తరానికి తెలియదు. ఆమె కూడా నూరేళ్లు బతికి 2018లో పోయారు. రాంపూర్ పెద్దింటి ఆడపడుచుకూ కృష్ణాజిల్లా బాలవితంతువుకూ పుట్టుకలో పోలిక లేదు. ఉద్యమ రంగస్థలం వాళ్లిద్దరినీ ఒకే దశాబ్దంలో వేదికెక్కించింది. ఆ రంగస్థలం చెదిరినప్పుడు మగవాళ్లకు సినిమా దొరికింది, దర్శకులయ్యారు, రచయితలయ్యారు, నాయకులయ్యారు. స్త్రీలకు యేం దొరికిందో లెక్క తీసినవాళ్లు లేరు.

జోహ్రాకు దొరికింది చూద్దాం. 1959లో భర్త కామేశ్వర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. ఆమె ఢిల్లీకి వచ్చి కొత్తగా పెట్టిన నాట్య అకాడమీకి డైరెక్టరయింది. 1962లో, యాభయ్యో యేట, నాటక శిక్షణకు ఉపకారవేతనం దొరికి లండన్ వెళ్లింది. అక్కడ కొంతకాలం ఓల్డ్ విక్ నాటకశాలలో డ్రెస్సరుగా పనిచేసింది. అంటే నటులకు తెరవెనక దుస్తులు తొడిగే పని. పృథ్వీ థియేటర్స్‌లో పధ్నాలుగేళ్లు ఆడినావిడ, అల్మోరాలో ఒక తరానికి పాఠం చెప్పినావిడ, ఇంగ్లీషు నటుల గుండీలు పెట్టింది. ఈ వాక్యం రాసి జాలి పుట్టించడం నా వుద్దేశం కాదు. ఆమె కూడా జాలి కోరలేదు. డ్రెస్సరు పని కూడా నాటకంలో పనే. జీతగాళ్ల నాటకంలో పెరిగిన మనిషికి ఆ సంగతి తెలుసు.

ఇంగ్లీషు టెలివిజన్ ఆమెకు చిన్న చిన్న వేషాలిచ్చింది. 1964లో బి.బి.సి. తీసిన కిప్లింగు కథ ఒకటి, 1965లో ‘డాక్టర్ హూ’లో క్రూసేడ్ యుద్ధాల కథలో చిన్నపాత్ర. ఆ కాలంలో అక్కడి టెలివిజన్‌లో ఆసియా స్త్రీకి వున్న చోటు అంతే: ఆయా, అంతఃపుర పరిచారిక, ఇంగ్లీషు రాని తల్లి. చెప్పుకోదగ్గ భారతీయ పాత్ర వుంటే తెల్లవాడే రంగు పూసుకునేవాడు. 1974లో మొదలై యెనిమిదేళ్లు నడిచిన బి.బి.సి. హాస్య ధారావాహికలో భారతీయ సేవకుడి వేషం మైకేల్ బేట్స్ అనే ఇంగ్లీషు నటుడు గోధుమరంగు పూసుకుని వేశాడు. వలస వచ్చిన ఆసియా కుటుంబాల కోసం 1976–77లో వచ్చిన ‘పడోసీ’ ఇరవై ఆరు భాగాలనూ జోహ్రా నడిపించింది. ఇరవై యేళ్లు యిలా గడిచాయి. ఇరవై యేళ్లంటే ఒక నటికి మొత్తం వృత్తిజీవితం.

1984లో గ్రెనడా టెలివిజన్ పాల్ స్కాట్ నవలలను ‘ద జూవెల్ ఇన్ ద క్రౌన్’ పేరుతో పధ్నాలుగు భాగాలుగా ప్రసారం చేసింది. అందులో లేడీ చటర్జీ పాత్ర ఆమెది. సర్ బిరుదు పొందిన భారతీయుడి విధవ. ఆమె యింట్లో ఇంగ్లీషు అమ్మాయి అతిథిగా వుంటుంది. అదే వూళ్లో ఇంగ్లీషువాళ్ల క్లబ్బు గుమ్మం మాత్రం లేడీ చటర్జీకి తెరుచుకోదు. ఆ ధారావాహిక మీద నాకు భ్రమల్లేవు. వలసపాలనను కన్నీటితో కడిగి చూపించే ధోరణి ఆ రోజుల్లో బ్రిటన్‌లో బలంగా వుంది, సల్మాన్ రష్దీ ఆ యేడే దాన్ని గట్టిగా విమర్శించాడు. రచన దృక్పథం ఇంగ్లీషువాడిది. భారతీయులు ఇంగ్లీషువాడి అపరాధ భావనకు నేపథ్యం. ఆ నేపథ్యంలో ఒక్క పాత్ర మాత్రం యెవరికీ నేపథ్యం కావడానికి ఒప్పుకోదు. లేడీ చటర్జీ ఇంగ్లీషు అధికారులతో మాట్లాడేటప్పుడు జోహ్రా గొంతులో మర్యాద వుంటుంది, తల కొద్దిగా వెనక్కి వుంటుంది, మాట చివర చాలా చిన్న విరామం వుంటుంది. అవతలివాడి తెలివితేటల మీద ఆమెకున్న అభిప్రాయం ఆ విరామంలో తెలిసిపోతుంది. రచయిత రాసిన దానికన్నా యెక్కువ తెలిసిన స్త్రీని ఆమె అక్కడ కూర్చోబెట్టింది. సహాయపాత్రలో నటి చెయ్యగలిగిన విమర్శ యిదే. కథను మార్చలేదు, సంభాషణను మార్చలేదు. కథను యెంత నమ్మాలో ప్రేక్షకుడికి చెప్పగలదు.

వెంటనే 1985లో ఛానెల్ ఫోర్‌లో ఫారూఖ్ ధోండీ రాసిన ‘తందూరీ నైట్స్’ వచ్చింది. లండన్‌లో పోటీ పడే రెండు భారతీయ హోటళ్ల కథ. ఒక హోటలు పేరు జూవెల్ ఇన్ ద క్రౌన్! వలసపాలన జ్ఞాపకాన్ని కూరగిన్నెలో పెట్టి అమ్ముకునే వాళ్ల మీద వేళాకోళం. అందులోనూ జోహ్రా వుంది. లేడీగా కూర్చున్న యేడాదికే హాస్య ధారావాహికలో అల్లరి చేసింది. రెండింటినీ కలిపి చూస్తే తప్ప ఆ దశలో ఆమె కళ అర్థం కాదు.

ఆ దశాబ్దం ముగియకముందే ఆమె స్వదేశానికి తిరిగి వచ్చింది. 1990లో అమల్ అల్లానా దర్శకత్వంలో దూరదర్శన్ కోసం ‘ముల్లా నసీరుద్దీన్’లో నటించింది. వేదికలమీద ఉర్దూ కవిత్వం చదవడం మొదలుపెట్టింది. ఫైజ్ కవితలు, వయసు మీద హఫీజ్ జలంధరీ రాసిన ప్రసిద్ధ గీతం ఆమె నోట జనం మళ్లీ మళ్లీ అడిగి వినేవారు. తర్వాతే హిందీ సినిమా ఆమెను కనుక్కుంది. ‘దిల్ సే’ (1998), ‘హమ్ దిల్ దే చుకే సనమ్’ (1999), ‘వీర్ జారా’ (2004), ‘చీనీ కమ్’ (2007). చివరిదాంట్లో అరవై దాటిన కొడుకును జిమ్‌కు పొమ్మని సతాయించే తల్లి. అదే యేడు వచ్చిన ‘సావరియా’లో యింటి యజమానురాలు లిలియన్. ఆ చిత్రంతో నాయకుడిగా పరిచయమైన కుర్రవాడు పృథ్వీరాజ్ కపూర్‌కు మునిమనవడు. పృథ్వీ కంపెనీలో జీతం పుచ్చుకున్న మనిషి నాలుగో తరం కపూర్ మొదటి చిత్రంలో కూడా పక్కవేషమే వేసింది. పద్మశ్రీ, పద్మభూషణ్, పద్మవిభూషణ్ వరసగా 1998, 2002, 2010లో వచ్చాయి. మూడూ ఎనభై అయిదేళ్లు దాటాకే.

ఆమె వ్యాపార సినిమాకు లొంగిపోయిందనీ, ఇప్టా వారసత్వాన్ని కరణ జోకులకు ఖర్చుపెట్టిందనీ మిత్రులు కొందరు అంటారు. ఈ వాదం నాకు నచ్చదు. ఇప్టా, పృథ్వీ నిలబడి వుండగా ఆమె వదిలేసి పోతే ఆ మాట అనవచ్చు. సంస్థలు లేకుండా పోయాయి, కళాకారిణి మిగిలింది. మిగిలిన మనిషి బతకాలి. వేషం యిచ్చినవాడి దగ్గర వేషం వేసింది. అయితే ఆ వేషాల్లో కళ యెంత అని అడిగితే మాత్రం నేను కరుకుగానే చెబుతాను. చాలావాటిలో ఆమెను వాడుకున్నారు తప్ప నటింపజెయ్యలేదు. కుర్రమాట ముసలినోట పలికించి నవ్వించడం ఒక్క సూత్రం. ఆ సూత్రాన్నే పదేళ్లపాటు తిప్పితిప్పి అమ్మారు. ముసలి స్త్రీకి కోరిక వుంటుందనేది యెంత పెద్ద విషయం! దాన్ని కథగా తీసుకునే ధైర్యం లేక చమత్కారంగా తేల్చేశారు. లేడీ చటర్జీలో చూసిన ఆ చిన్న విరామానికి యీ సినిమాల్లో చోటు లేదు. విరామం రాకముందే నేపథ్య సంగీతం వచ్చేస్తుంది.

చివరి దశలో ఆమె కళ పూర్తిగా వినియోగమైన చోటు సినిమా కాదు, లాహోరు. చెల్లెలు ఉజ్రా 1964లో పాకిస్తాన్‌కు వెళ్లి స్థిరపడింది. అక్కడ జియా ఉల్ హక్ పాలనలో నాట్యం మీదా నాటకం మీదా ఆంక్షలు బిగిశాయి. ఆ రోజుల్లోనే మదీహా గౌహర్, షాహిద్ నదీమ్ అజోకా అనే నాటక సంస్థను నిలబెట్టారు. నదీమ్ యీ అక్కచెల్లెళ్ల జీవితాలనే ఆధారంగా తీసుకుని ‘ఏక్ థీ నానీ’ రాశాడు. 1993లో లాహోరులో మదీహా గౌహర్ దర్శకత్వంలో జోహ్రా, ఉజ్రా కలిసి నటించారు. పృథ్వీ రోజుల తర్వాత వాళ్లిద్దరూ ఒక నాటకంలో కలవడం దశాబ్దాల మీదట అదే. జోహ్రాకు ఎనభై ఒకటి, ఉజ్రాకు డెబ్భై ఆరు. ఇద్దరూ అమ్మమ్మల వేషాలే వేశారు. ఇక్కడ అమ్మమ్మ అంటే నవ్వించే ముసలమ్మ కాదు. సరిహద్దుకు ఆ పక్కనా యీ పక్కనా వుండిపోయిన యిద్దరు స్త్రీలు, ఆడిన కాళ్లకూ ఆడటం మానేసిన కాళ్లకూ మధ్య తగువు, ఆ తగువును కళ్లార్పకుండా చూసే మనవరాలు. 1945లో ‘దీవార్’ నాటకంలో గోడ కట్టొద్దని ఆడిన కంపెనీ మనుషులు, గోడ కట్టేసిన నలభై ఆరేళ్లకు, దానికి అవతలి వైపున నిలబడి ఆడారు. ఈసారి నాయిక, పక్కవేషం అనే తేడా లేదు. ఇద్దరివీ ముఖ్య పాత్రలే. అక్కకు చెల్లెలితో సమానమైన వేషం దొరకడానికి ఎనభై యేళ్లు పట్టింది, అదీ పరాయి దేశంలో, సర్కారు మెచ్చని ఒక చిన్న నాటక సంస్థ దగ్గర.

ఉజ్రా 2010లో లాహోరులో పోయింది. అక్క ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది.